సియోల్‌లో నాలుగోవాడి సంగతి

1988 సెప్టెంబరు 24. దక్షిణ కొరియా రాజధాని సియోల్. ఒలింపిక్ స్టేడియంలో పురుషుల వంద మీటర్ల పరుగు తుది పోటీ. తుపాకీ పేలింది. పది సెకండ్లు నిండకుండానే అంతా అయిపోయింది. కెనడా క్రీడాకారుడు బెన్ జాన్సన్ గీత దాటుతూనే చెయ్యి పైకెత్తి వేలు చూపాడు. గడియారం చూపిన కాలం 9.79 సెకండ్లు. అంతకుముందు ఆ దూరం అంత త్వరగా పరుగెత్తిన మనిషి లేడు. అమెరికాకు చెందిన కార్ల్ లూయిస్ 9.92తో రెండో స్థానంలో, బ్రిటన్‌కు చెందిన లిన్‌ఫర్డ్ క్రిస్టీ 9.97తో మూడో స్థానంలో వచ్చారు. ఒకే పందెంలో నలుగురు పది సెకండ్లలోపు రావడం అదే మొదలు.

ఆ నాలుగో మనిషి అమెరికాకే చెందిన కాల్విన్ స్మిత్. అతని కాలం 9.99. కెమెరాలు అతని వైపు తిరగలేదు. తిరగవు కూడా. పతకాల వేదికకు ఉండేది మూడు మెట్లే.

స్మిత్ అనామకుడేమీ కాదు. మిసిసిపి రాష్ట్రం నుంచి వచ్చిన సన్నని మనిషి. 1983 జులైలో కొలరాడో స్ప్రింగ్స్‌లో 9.93 సెకండ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 1983లోనూ 1987లోనూ 200 మీటర్లలో ప్రపంచ విజేత. నాలుగేళ్లు నిలిచిన అతని వంద మీటర్ల రికార్డును 1987 ఆగస్టులో రోమ్‌లో బద్దలు కొట్టినవాడు మరెవరో కాదు, బెన్ జాన్సనే. ఆనాటి కాలం 9.83. ఒక్క దెబ్బకు సెకనులో పదో వంతు తగ్గడం చూసి లోకం నోరు తెరిచింది. అనుమానించినవారూ లేకపోలేదు. కానీ అనుమానానికి రుజువు కావాలి కదా.

సీసా చెప్పిన నిజం

పందెం ముగిశాక విజేతలను పరీక్ష గదికి తీసుకుపోతారు. అక్కడ మూత్రం పట్టి రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. మొదటి సీసాలో ఏదైనా కనబడితే, క్రీడాకారుడి తరఫువారి ఎదుట రెండోది తెరుస్తారు. పరుగెత్తి ఒళ్లు ఎండిపోయిన జాన్సన్‌కు మూత్రం రావడానికి చాలాసేపు పట్టింది. బీరు తాగుతూ కూర్చున్నాడు. చివరకు వచ్చిన ఆ కాస్తలో స్టానొజొలాల్ అనే స్టెరాయిడ్ బయటపడింది. కండ పెంచే మందు అది. కఠిన సాధన తర్వాత శరీరం త్వరగా కోలుకునేలా కూడా చేస్తుంది. రెండో సీసా కూడా అదే మాట చెప్పింది.

గదిలో ఎవరో కొత్తవాడు ఉన్నాడని, తన పానీయంలో ఏదో కలిపి ఉంటాడని జాన్సన్ వర్గం వాదించింది. ఆ వాదన నిలవలేదు. ఒక్క రోజు కలిపితే మూత్రంలో మందు ఆనవాలు కనబడవచ్చు. కానీ బయటి నుంచి హార్మోన్లు ఎక్కించే కొద్దీ శరీరం తన సొంత హార్మోన్ల తయారీ తగ్గించుకుంటుంది. జాన్సన్ నమూనాలో ఆ తగ్గుదల స్పష్టంగా ఉందని జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు మాన్‌ఫ్రెడ్ డోనికే చూపించాడు. అది ఒక్కనాటి పని కాదని తేలిపోయింది.

సెప్టెంబరు 27 తెల్లవారుజామున కెనడా జట్టు అధికారిణి ఒకరు హోటల్ గదికి వెళ్లి పతకం వెనక్కి తీసుకున్నారు. మూడు రోజుల క్రితం కెనడా ముద్దుబిడ్డగా ఉన్నవాడు ఆ ఉదయానికి ‘జమైకాలో పుట్టినవాడు’ అయిపోయాడని అప్పట్లో చెప్పుకున్న పరిహాసం. బంగారు పతకం లూయిస్‌కు దక్కింది. అంతకుముందు ఏడాది తండ్రి చనిపోయినప్పుడు, 1984లో గెలిచిన వంద మీటర్ల స్వర్ణాన్ని ఆయన చేతిలో ఉంచి సమాధి చేసిన కొడుకు లూయిస్. మరొకటి గెలుస్తానని తల్లికి మాట ఇచ్చాడు. ఆ మాట అలా నెరవేరింది. క్రిస్టీకి రజతం, స్మిత్‌కు కాంస్యం వచ్చాయి.

దొరకకపోవడం వెనుక లెక్క

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. సియోల్‌కు ముందు కూడా జాన్సన్ ఎన్నో పోటీల్లో పరీక్షకు నిలబడ్డాడు. ఒక్కసారి కూడా దొరకలేదు. మరి అప్పుడు మందు వాడలేదా?

1989లో కెనడా ప్రభుత్వం న్యాయమూర్తి చార్లెస్ డూబిన్ ఆధ్వర్యంలో విచారణ జరిపించింది. వందమందికి పైగా సాక్ష్యం చెప్పారు. 1981 నుంచే స్టెరాయిడ్లు వాడుతున్నట్లు జాన్సన్ అక్కడ ఒప్పుకున్నాడు. అంటే ఏడేళ్ల పాటు పరీక్షల కళ్లు గప్పాడన్నమాట. కోచ్ చార్లీ ఫ్రాన్సిస్ దాచుకోకుండా లెక్క విప్పాడు. మందు పందెం రోజున వాడేది కాదు. నెలల ముందు, సాధన కాలంలో వాడతారు. పోటీకి కొన్ని వారాల ముందు ఆపేస్తారు. కండ మిగులుతుంది, మందు ఒంట్లోంచి పోతుంది. పై స్థాయిలో దాని విలువ వంద మీటర్లకు ఒక మీటరు అని ఫ్రాన్సిస్ అంచనా. అందరూ వాడుతుంటే వాడనివాడు ఒక మీటరు వెనుక నుంచి బయలుదేరినట్టేనని ఆయన సమర్థించుకున్నాడు.

సియోల్‌కు ముందు ఆ లెక్క తప్పింది. ఆ ఏడాది జాన్సన్ గాయంతో బాధపడ్డాడు. ఆగస్టు 17న జ్యూరిచ్‌లో లూయిస్ చేతిలో ఓడి మూడో స్థానానికి పడిపోయాడు. ఒలింపిక్స్‌కు ఇక నెల రోజులే మిగిలాయి. ఆ తొందరలో మరో దఫా మందు ఎక్కించారు. అది పోవడానికి వ్యవధి చాలలేదు.

పరీక్ష హాల్లో చిట్టీలు పెట్టుకున్నవాడిని పట్టుకోవచ్చు. నెల ముందే ప్రశ్నపత్రం సంపాదించి చదువుకున్నవాడి జేబులు వెతికితే ఏం దొరుకుతుంది? పోటీ రోజున మాత్రమే జరిపే మూత్ర పరీక్ష అలాంటిదేనని డూబిన్ విచారణతో లోకానికి తెలిసివచ్చింది. దొరికితే దొంగ, దొరకకపోతే దొర అన్న సామెతకు ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆ ఎనిమిది లేన్లు

తరువాతి సంవత్సరాల్లో ఆ పందెం ఇంకా మసకబారింది. 1988 జులైలో అమెరికా జట్టు ఎంపిక పోటీల సందర్భంగా లూయిస్ నమూనాల్లోనూ నిషిద్ధ ఉత్తేజకాలు కనిపించాయని, మూలికల మందు ద్వారా తెలియక చేరినవని అధికారులు క్షమించి వదిలేశారని 2003లో పత్రాలు బయటపడ్డాయి. ఆ పరిమాణం అత్యల్పమని, ఆనాటి నిర్ణయం నిబంధనల ప్రకారమే జరిగిందని అంతర్జాతీయ సమాఖ్య చెప్పింది. స్టెరాయిడ్‌తో దీన్ని సమానం చేయడం న్యాయం కాదు. అయితే ఆ సంగతి పదిహేనేళ్లు గుట్టుగా ఉంచడం మాత్రం న్యాయమా? క్రిస్టీ 1999లో నాండ్రోలోన్ కేసులో రెండేళ్ల నిషేధానికి గురయ్యాడు. తాను తప్పు చేయలేదనే అన్నాడు. అయిదో స్థానంలో వచ్చిన డెన్నిస్ మిచెల్‌పై 1998లో టెస్టోస్టిరాన్ కేసు నడిచింది. ముందురోజు రాత్రి తాగిన బీర్లు, భార్య పుట్టినరోజు సరసాలే కారణమని అతడు చెప్పిన సంజాయిషీని సొంత దేశం అంగీకరించింది గానీ అంతర్జాతీయ సమాఖ్య నమ్మలేదు. కెనడాకే చెందిన దేశాయ్ విలియమ్స్ పేరు డూబిన్ విచారణలో వచ్చింది. చివరన వచ్చిన జమైకా క్రీడాకారుడు రే స్టీవర్ట్ పరుగెత్తిన రోజుల్లో దొరకలేదు. కోచ్ అయ్యాక మందుల సరఫరా కేసులో 2010లో జీవితకాల నిషేధం పొందాడు.

ఎనిమిది మందిలో ఏ మచ్చా లేకుండా మిగిలింది ఇద్దరే. ఆరోవాడు బ్రెజిల్‌కు చెందిన రాబ్సన్ ద సిల్వా. నాలుగోవాడు స్మిత్.

జిన్‌సెంగ్ మళ్లీ

క్రిస్టీ సియోల్‌లోనే 200 మీటర్ల తర్వాత మరో చిక్కులో పడ్డాడు. ఒక ఉత్తేజకం కనబడితే, జిన్‌సెంగ్ టీ తాగానని చెప్పాడు. విచారణ సంఘం 11–10 ఓట్లతో వదిలేసింది. ఒక్క ఓటు! ఆ జిన్‌సెంగే ఇరవై మూడేళ్ల తర్వాత మన దేశంలో వినబడింది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లోనూ, గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లోనూ 4×400 రిలే స్వర్ణాలు తెచ్చిన మహిళల జట్టులో ముగ్గురు 2011లో స్టెరాయిడ్ పరీక్షలో దొరికారు. విదేశీ కోచ్ చైనాలో కొని ఇచ్చిన జిన్‌సెంగ్ మాత్రల్లో ఏముందో తమకు తెలియదన్నారు. మన సంఘం కనికరించి ఏడాది నిషేధంతో సరిపెట్టింది. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2012లో దాన్ని రెండేళ్లు చేసింది. ఒంట్లో దొరికిందంటే బాధ్యత ఆ ఒంటిదే అన్నది నియమం. కొని ఇచ్చినవాడు సులభంగా తప్పుకుంటాడు, మింగినవారి ఒలింపిక్స్ పోతుంది.

ఇప్పుడు పద్ధతులు మారాయి. అగ్రశ్రేణి క్రీడాకారులు రోజుకొక గంట ఎక్కడ ఉంటారో ముందుగా రాసివ్వాలి. చెప్పకుండా వచ్చి తలుపు తడతారు. పన్నెండు నెలల్లో మూడుసార్లు తప్పితే మందు దొరక్కపోయినా శిక్షే. నమూనాలను పదేళ్ల వరకు దాచి మళ్లీ పరీక్షించవచ్చు. అయినా న్యాయం నడక మెల్లగానే ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్ మహిళల 1500 మీటర్లలో ఆరో స్థానంలో వచ్చిన అమెరికా క్రీడాకారిణి షానన్ రోబరీ, ముందున్నవారిలో ముగ్గురి ఫలితాలు రద్దయి, కాంస్య స్థానానికి చేరేసరికి 2024 వచ్చింది.

స్మిత్‌కు అంత ఆలస్యం కాలేదు. ఆ రోజు బంగారు పతకం తనకే రావలసిందని తర్వాతి కాలంలో అతడు అన్నాడు. జాన్సన్ ఒప్పుకోలు తర్వాత రోమ్ రికార్డు కొట్టివేశారు. దాంతో పుస్తకాల్లో 9.93 మళ్లీ పైకి వచ్చింది, సియోల్‌లో లూయిస్ 9.92 పరుగెత్తేదాకా అదే రికార్డు. అదే ఒలింపిక్స్‌లో స్మిత్‌కు 4×100 రిలే మిగిలింది. అమెరికా జట్టుకు స్వర్ణం ఖాయమనుకున్నారు. తొలి దశలోనే స్మిత్ చేతిలోని బేటన్ తర్వాతి పరుగువీరుడికి అందేసరికి నిర్ణీత హద్దు దాటిపోయింది. జట్టు మొత్తాన్ని పోటీ నుంచి తొలగించారు.