పట్టుకొనుటకు రెండు మాటలు, ఒకే ధాతువు

1928 ఫిబ్రవరి 12న సూరత్ జిల్లాలోని బార్డోలీ తాలూకా రైతులు పెంచిన శిస్తు చెల్లించబోమని తీర్మానించారు. బొంబాయి ప్రభుత్వం శిస్తును సుమారు 22 శాతం హెచ్చించింది. వల్లభభాయ్ పటేల్ నాయకత్వం వహించారు. ప్రభుత్వం పొలాలనూ, గేదెలనూ, వంటపాత్రలనూ సైతం జప్తు చేయించింది. ఈ దొరతనపు పనిని ఆంగ్లంలో 'గ్రాబ్' అనవచ్చు. రైతులు చేసినది సత్యాగ్రహం. ఈ రెండు మాటలూ ఒకే ధాతువు నుండి పుట్టాయంటే పాఠకులకు వింతగా తోచవచ్చు.

'సత్యాగ్రహం' దక్షిణాఫ్రికాలో రూపొందిన పదం. అక్కడి ఉద్యమానికి 'పాసివ్ రెసిస్టెన్స్' అన్న పేరు రుచించక, గాంధీజీ 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక పాఠకులను కొత్త పేరు కోరారు. మగన్‌లాల్ గాంధీ 'సదాగ్రహం' అని సూచించగా, గాంధీజీ దానిని సత్యాగ్రహంగా మార్చారు. తెలుగువారికి ఇక్కడ చిన్న చిక్కు ఉన్నది. మనకు ఆగ్రహమంటే కోపం. గుజరాతీలో అది పట్టుదల. 'గ్రహ్' అంటే పట్టుకొనుట కనుక గుజరాతీ అర్థమే ధాతువుకు దగ్గర. మన 'పట్టుదల' కూడా 'పట్టు' నుండి పుట్టినదే కదా! గాంధీజీ వాడిన 'ట్రూత్ ఫోర్స్' అనువాదంలో ఈ పట్టు కనిపించదు.

వేదభాషలో ఈ ధాతువు రూపం 'గ్రభ్'. వరుడు వధువు చేయి పట్టేటప్పుడు చదివే పాణిగ్రహణ మంత్రం 'గృభ్ణామి' అన్న క్రియతోనే ఆరంభమవుతుంది. తరువాతి సంస్కృతంలో భకారం హకారమైంది.

ఇంగ్లీషు, జర్మన్, డచ్ భాషలకు తల్లి మూలజర్మానిక్ భాష. ఆ భాషలో ఒక్క గ్రంథమూ మిగలలేదు. సంతతి భాషలను పోల్చి పండితులు దాని మాటలను పునర్నిర్మిస్తారు. అటువంటి ప్రతి రూపానికీ ముందు నక్షత్రపు గుర్తు ఉంచుతారు. లిఖితంగా ఎక్కడా దొరకలేదన్న నిజాయితీ ప్రకటన అది. ఆ గుర్తు మోసే క్రియల్లో 'గ్రబ్' ఒకటి. సంస్కృత భకారం ఉన్నచోట జర్మానిక్ భాషల్లో బకారం వస్తుంది: భ్రాతకు 'బ్రదర్', భరించుటకు 'బేర్'. పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ సోదరులలో పెద్దవాడైన యాకోబ్ 1822లో వివరించిన సూత్రంలో ఇదొక భాగం. ఆ లెక్కన గ్రభ్‌కు గ్రబ్, డచ్‌లో 'గ్రబ్బెన్', 16వ శతాబ్దపు ఇంగ్లీషులో 'గ్రాబ్'. స్లావ్ భాషలలో ఈ ధాతువు ఏకంగా దోచుకొనుట అన్న అర్థానికే దిగింది.

బార్డోలీలో 1928 ఆగస్టులో రాజీ కుదిరింది. బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులు విచారణ జరిపి, పెంపు సుమారు 6 శాతం చాలునని తేల్చారు. జప్తయిన పొలాలు తిరిగి రైతుల చేతికి వచ్చాయి.