తేనెపిట్టకి ముచ్చట - గబ్బిలానికి అర్జీ

మా పెరట్లో మందారం కొమ్మకి తేనెపిట్ట గూడు అల్లింది. వీధి చివర చింతచెట్టుకి పెద్ద గబ్బిలాలు చేరాయి. గూడు చూడడానికి పిల్లలు వచ్చారు. గబ్బిలాల సంగతి తేల్చడానికి పెద్దలు వచ్చారు, చెట్టు కొట్టించాలని రాసిన అర్జీతో. నా సంతకం ఒక్కటే తక్కువట.

తేనెపిట్ట పది గ్రాములకు మించి తూగదు. మగది నీలిరంగు నిగనిగలతో తెల్లవారకుండానే పాట అందుకుంటుంది. గబ్బిలం కిలో పైచిలుకు. రెక్కలు చాస్తే నాలుగడుగులు. పాట లేదు, కీచులాటే. కంపు సరేసరి. అందుకని ఒకటి శుభం, రెండోది అశుభం!

కాని దగ్గరగా చూడండి. పిట్ట రెక్క ఈకల కూర్పు. గబ్బిలం రెక్క అచ్చంగా చెయ్యే. మన వేళ్లవంటివే పొడుగ్గా సాగి, నడుమ పలచని చర్మం పరుచుకున్నది. పిట్ట గుడ్లు పొదుగుతుంది. గబ్బిలం సాధారణంగా ఏడాదికి ఒక్క బిడ్డను కని, పాలిచ్చి, కొన్ని వారాలు పొట్టకి కరిపించుకుని ఎగురుతుంది. చూపు లేదనడం అపవాదు. ఈ పెద్దజాతికి కళ్లూ ముక్కూ దారి చూపుతాయి.

ఇద్దరి వృత్తీ ఒకటే. పగలు పిట్టా, రాత్రి గబ్బిలమూ తేనె తాగి పుప్పొడి మోస్తాయి. ఇప్ప, తెల్లబూరుగ పూలకు రాత్రి చుట్టమే ముఖ్యం. పైగా పండ్లు తిని గింజల్ని దూరదూరాలకు చల్లుతుంది. మామిడి, జామ తోటల్లో నష్టం చేసే మాటా నిజమే. 1972 నాటి వన్యప్రాణి చట్టం దీన్ని ఎలుకలు, కాకుల సరసన హానికర జంతువుల పట్టికలో పెట్టింది. 2022 సవరణతో ఆ పట్టికే పోయింది.

మన కవులు మాత్రం తక్కువ తిన్నారా? రాయబారానికి హంసనీ, చిలకనీ పంపారు. 1941లో జాషువాగారు అంటరానివాడి మొర శివుడికి చెప్పిరమ్మని గబ్బిలాన్ని పంపారు. మనిషిని రానివ్వని గుళ్లో దానికి చోటుంది గదా! బహుశా అది చూరులో దూరే చిన్నజాతి కావచ్చు. అయినా కులగోత్రాలు అడిగి పద్యం చదువుతామా?

ఆ కావ్యమే ఆ ఉదయం క్లాసులో కంఠం గద్గదమయ్యేలా పాఠం చెప్పాను. సాయంకాలం అర్జీ మీద సగం సంతకం పెట్టాను కూడా. సిగ్గేసి కొట్టేశాను.

"ఇదేమిటి మాస్టారూ?" అన్నారు పొరుగాయన.

"చీకటి పడేవేళ చెట్టు కిందికి రండి, అవి బయలుదేరేది చూద్దాం," అన్నాను. "గొడుగు మాత్రం మరిచిపోకండి."