కొండ నీళ్ళతో బతికిన పేట

ఇరాన్ దేశం నడుమ యజ్ద్ అనే ఊరు ఉంది. చుట్టూ ఎడారి. ఏడాది మొత్తం కలిపినా అక్కడ సగటున సుమారు 6 సెంటీమీటర్ల వానే పడుతుంది. మన దగ్గర ఒక్కరోజు గట్టి వానకే అంత కురుస్తుంది. అయినా ఆ ఊళ్ళో వందల ఏళ్ళనాటి పేటలున్నాయి. ఫహదాన్ అలాంటి పేటే.

మరి నీళ్ళెక్కడివి?

ఊరికి నైరుతిలో షీర్‌కూహ్ అనే కొండ ఉంది. ఎత్తు 4,000 మీటర్ల పైనే. చలికాలంలో దానిమీద మంచు పడుతుంది. కరిగిన నీరు కొండ అడుగున భూమిలోకి ఇంకుతుంది. అక్కడ లోతుగా ఒక బావి తవ్వారు. దాన్ని తల్లిబావి అంటారు. దాని అడుగునుంచి ఊరిదాకా నేల లోపల సొరంగం తవ్వారు. సొరంగం కొద్దికొద్దిగా పల్లానికి వాలి ఉంటుంది. నీళ్ళు వాటంతట అవే పారతాయి. కరెంటు లేదు, మోటారు లేదు. ఎండకు ఆవిరైపోవడమూ తక్కువే. దీనిపేరు కనాత్. అక్కడి జార్చ్ కనాత్ పొడవు 70 కిలోమీటర్ల పైనే. అంటే హైదరాబాదునుంచి వరంగల్లు పోయే దారిలో దాదాపు సగం! అదంతా మనుషులు చేతులతో తవ్విందే.

కొన్ని పాత ఇళ్ళలో మెట్లు దిగితే చాలు, కనాత్ నీళ్ళు అందుతాయి. బిందె పట్టుకుని ఎండలో నడిచే పని లేదు. పొలాలకు వంతులవారీగా నీళ్ళు వదిలేవారు. అడుగున చిల్లు ఉన్న గిన్నెను నీళ్ళమీద ఉంచేవారు. అది ఎన్నిసార్లు మునిగితే అంతసేపు ఒకరి వంతు.

ఇళ్ళకు మందమైన మట్టిగోడలు. సందులు ఇరుకు, అందుకే నీడ. మిద్దెమీద గాలి గోపురం ఉంటుంది. పైన వీచే గాలి దానిలోంచి గదిలోకి దిగుతుంది.

తర్వాత లోతు బోర్లు వచ్చాయి. భూమిలో నీళ్ళు అడుగంటాయి. చాలా కనాత్‌లు ఎండిపోయాయి. ఈ కష్టం అనంతపురం ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? యజ్ద్‌కు దూరపు నదినుంచి గొట్టాలతో నీళ్ళు తెచ్చారు. ఆ నది ఒడ్డు రైతులకే నీళ్ళు చాలలేదు. 2013లో కోపంతో వాళ్ళు ఆ నీళ్ళకు అడ్డం పడ్డారు.

పాత పేటనుంచి చాలామంది కొత్త ఇళ్ళకు వెళ్ళిపోయారు. కొన్ని ఇళ్ళు హోటళ్ళయ్యాయి. 2017లో యునెస్కో సంస్థ ఈ పాత ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇలాంటి సొరంగం చూడాలంటే ఇరాన్ దాకా పోనక్కర్లేదు. జహీరాబాదు దాటితే వచ్చే బీదరులో బహమనీ సుల్తానుల నాటిది ఒకటుంది. చాలాకాలం పూడిపోయి పడి ఉంది. పూడిక తీస్తే అడుగున మళ్ళీ నీళ్ళు కనిపించాయి.