బేస్‌బాల్ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడితే...

మన హాస్టల్‌కు ఉన్నది ఒక్కటే గ్రౌండు. పొద్దున ప్రార్థన అక్కడే, సాయంత్రం వాలీబాల్ అక్కడే, ఆదివారం టెన్నిస్ బాల్ క్రికెట్ అక్కడే. వార్షికోత్సవానికి షామియానా వేసేదీ అక్కడే. మేం చదువుకునే రోజుల్లో ఒక ఏడాది, వార్షికోత్సవం అయిన మర్నాడు గుంజలు పీకిన గుంతలు పూడ్చకముందే వాలీబాల్ నెట్టు కట్టేశాం. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు బంతి మీదే చూపు పెట్టి వెనక్కి నడుస్తూ గుంతలో కాలు వేశాడు. చీలమండ బెణికింది. మూడు వారాలు వాణ్ణి మెస్సుకు మేమే భుజాలు పట్టి నడిపించాం. తప్పు ఎవరిదని అడిగితే ఒకరి మీద ఒకరం చెప్పుకున్నాం.

ఈ సంచికకు ఆటల మీద ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మాకు ఆ గుంతే గుర్తొచ్చింది. ఒక పనికి చదును చేసిన చోట ఇంకో పని పెట్టుకుంటే ఏమవుతుందో తెలియడానికి అమెరికాలో జరిగిన ఒక ఆట మంచి ఉదాహరణ. అది 2010 నవంబరు 20న షికాగో నగరంలో జరిగింది. అంత డబ్బున్న దేశంలో, అంత పెద్ద యూనివర్సిటీలు ఆడిన ఆటలో కూడా, గోడ మరీ దగ్గరగా ఉందన్న సంగతి మీద నిర్ణయం ఆటకు ఒక్కరోజు ముందు వచ్చింది.

ముందు ఆ రెండు ఆటల గురించి నాలుగు మాటలు చెప్పాలి. అక్కడి ఫుట్‌బాల్ మనం కాళ్ళతో తన్నే ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది. చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చు, ముందుకు విసరవచ్చు. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు వెళితే మళ్ళీ నాలుగు అవకాశాలు వస్తాయి, లేకపోతే బంతి ఎదుటివాళ్ళది. చివరన ఎండ్ జోన్ అనే భాగం ఉంటుంది. బంతితో అక్కడికి చేరితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. మన కబడ్డీలో కూతకు వెళ్ళినవాణ్ణి అందరూ కలిసి పట్టినట్టు ఇక్కడ బంతి ఉన్నవాడి మీద పడతారు. తేడా ఏమిటంటే వంద కిలోలున్న మనుషులు పూర్తి వేగంతో వచ్చి పడతారు. ఎండ్ జోన్‌లోకి పరిగెత్తేవాడు గీత మీద ఆగలేడు, ఇంకా కొన్ని అడుగులు దూసుకుపోతాడు.

ఈ మైదానం నిలువుపాటి దీర్ఘచతురస్రం. ఎండ్ జోన్లతో కలిపి పొడవు 360 అడుగులు, వెడల్పు 160 అడుగులు. గీతల బయట చుట్టూ 12 అడుగుల ఖాళీ ఉండాలని కాలేజీ ఫుట్‌బాల్ నిబంధన. స్థలం చాలని స్టేడియాల్లో 6 అడుగులకు తగ్గకూడదు.

బేస్‌బాల్ మైదానం అలా కాదు, విసనకర్రలా ఉంటుంది. విసనకర్ర పిడి దగ్గర బ్యాటు పట్టినవాడు నిలబడతాడు. ఆ చోటును హోమ్ ప్లేట్ అంటారు. అక్కణ్ణించి ఎడమకు, కుడికి రెండు గీతలు విచ్చుకుని గోడ దాకా పోతాయి. బంతి విసిరేవాడు 60 అడుగుల 6 అంగుళాల దూరంలో నిలబడతాడు. క్రికెట్ పిచ్ 66 అడుగులు కాబట్టి ఇంచుమించు అంతే దూరం. అయితే వాడు నిలబడే చోటు నేలకు 10 అంగుళాల ఎత్తున మట్టి దిబ్బగా ఉంటుంది. లోపలి భాగంలో పరుగు తీసే దారంతా గడ్డి లేని ఎర్రమట్టి.

ఇప్పుడు షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ లెక్క చూద్దాం. 1914లో కట్టిన పాత బేస్‌బాల్ స్టేడియం అది, ఇళ్ళ మధ్య వీధుల నడుమ ఇరుక్కుని ఉంటుంది. హోమ్ ప్లేట్ నుంచి ఎడమ గీత వెంట గోడకు 355 అడుగులు, కుడి గీత వెంట 353 అడుగులు. ఫుట్‌బాల్‌కు కావలసింది 360, దానికి తోడు రెండు చివరలా ఖాళీ. విసనకర్రలో పలక పెట్టినట్టే. ఎటు తిప్పినా ఏదో ఒక మూల గోడకు తగులుతుంది.

ఇది అప్పటికి కొత్తగా తెలిసిన సంగతేం కాదు. షికాగో బేర్స్ అనే వృత్తి ఫుట్‌బాల్ జట్టు 1921 నుంచి 1970 దాకా యాభై సీజన్లు ఇక్కడే ఆడింది. వాళ్ళ రోజుల్లో మైదానాన్ని ఉత్తర దక్షిణాలుగా గీసేవారు. ఒక ఎండ్ జోన్ మూల ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లోకి చొచ్చుకుపోయేది. ఇంకో చివర ఇటుక గోడ. బ్రాంకో నగుర్‌స్కీ అనే బలశాలి బంతితో దూసుకెళ్ళి ఆ గోడను గుద్దుకుని, తనను ఆపినవాళ్ళలో చివరివాడు గట్టివాడేనన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా గోడ మాత్రం నిజం.

షికాగో పక్కనే ఇవాన్‌స్టన్ ఊళ్ళో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఉంది. వాళ్ళకు సొంత స్టేడియం ఉన్నా, 2010లో ఇల్లినాయ్ యూనివర్సిటీతో ఆటను రిగ్లీ ఫీల్డ్‌లో పెట్టుకున్నారు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. నగరం నడిబొడ్డు, పేరున్న స్టేడియం, నలభై ఏళ్ళ తర్వాత అక్కడ మళ్ళీ ఫుట్‌బాల్. టీవీ వాళ్ళు వస్తారు, పూర్వ విద్యార్థులు వస్తారు, టిక్కెట్లు అమ్ముడవుతాయి. ద్వారం మీద ఎప్పుడూ ఎర్రగా ఉండే ప్రసిద్ధమైన బోర్డుకు నార్త్‌వెస్టర్న్ వాళ్ళ ఊదారంగు కూడా వేశారు. మన వార్షికోత్సవానికి గేటుకు సున్నం వేసి మామిడాకులు కట్టినట్టే. మేం తప్పుపట్టం, పండగ అంటే అలాగే ఉండాలి.

ఈసారి మైదానాన్ని తూర్పు పడమరలుగా గీశారు. తూర్పు చివరన ఎండ్ జోన్ దాటితే కుడివైపు గోడే. మధ్యలో మిగిలింది ఒక్క అడుగు చోటు, కొన్నిచోట్ల అదీ లేదు. అటువైపు గోల్ స్తంభం నాటడానికి నేల లేక దాన్ని గోడకే బిగించారు. గోడకు మెత్తని దిండ్లు కట్టారు. నేల మీద గీతలు గీసి, గోడ ఎంత దగ్గరో కళ్ళారా చూశాక, ఇది సరిపోదని ఆ యూనివర్సిటీల సమాఖ్య బిగ్ టెన్ తేల్చింది. శుక్రవారం ప్రకటన వచ్చింది, శనివారం ఆట.

ఏం తేల్చారంటే, బంతి చేతిలో ఉన్న జట్టు, ఏ జట్టయినా సరే, పడమర వైపుకే ఆడాలి. మామూలుగా రెండు జట్లు ఎదురెదురు దిక్కుల్లో దాడి చేస్తాయి, ప్రతి క్వార్టర్‌కూ దిక్కు మారుతుంది. ఇక్కడ అలా కాదు. ఒక జట్టు దగ్గర్నుంచి బంతి ఇంకో జట్టుకు మారిన ప్రతిసారీ అందరూ లేచి, బంతిని మైదానం రెండో సగంలో దానికి సరిపడే గజం గీత మీదికి మార్చి, మళ్ళీ పడమరకు తిరిగి నిలబడాలి. ఆట మొదలుపెట్టే తన్ను తూర్పుకు తన్నాలి. అప్పుడు పట్టుకున్నవాడు పడమరకు పరిగెత్తుతాడు. స్కోరు సమమై అదనపు సమయం వచ్చినా పడమరకే. మన గల్లీ క్రికెట్‌లో ఒకే వైపు వికెట్లు పాతి, ఓవర్లన్నీ ఒకే వైపు నుంచి వేస్తాం చూడండి, సరిగ్గా అదే. మనం వికెట్లు కొనడానికి డబ్బుల్లేక చేశాం, వాళ్ళు గోడకు భయపడి చేశారు.

ఒక చిన్న సందు మిగిలింది. దాడి చేసే జట్టు విసిరిన బంతిని ఎదుటివాడు మధ్యలో పట్టేస్తే వాడు ఎటు పరిగెత్తాలి? సహజంగా తూర్పుకే. దాన్ని ఆపడం కుదరదు. నిజంగానే ఆ రోజు నార్త్‌వెస్టర్న్ ఆటగాడు ఒకడు బంతిని అలా దొరకబుచ్చుకుని తూర్పు ఎండ్ జోన్‌కు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఏ వైపున వద్దన్నారో ఆ వైపునే! అదృష్టవశాత్తు అతనికేం కాలేదు.

ఆట ఇల్లినాయ్ గెలిచింది, 48-27. వాళ్ళ ఆటగాడు మికెల్ లెషూర్ ఒక్కడే 330 గజాలు పరుగు తీసి తన యూనివర్సిటీ రికార్డు తిరగరాశాడు. కానీ జనం ఎక్కువగా మాట్లాడుకున్నది దిక్కు గురించే. తూర్పు వైపు కుర్చీల్లో డబ్బు పెట్టి కూర్చున్నవాళ్ళు ఆటలో ఎక్కువ భాగం ఆటగాళ్ళ వీపులే చూశారు.

ఆ నిర్ణయాన్ని చాలామంది ఎగతాళి చేశారు. మా అభిప్రాయం వేరు. నవ్వులపాలైనా సరే, పిల్లల మెడ విరగకుండా చూసిన నిర్ణయం అది. ఎగతాళి చేయవలసింది దాని ఆలస్యాన్ని. గోడ కొత్తగా కట్టింది కాదు. మైదానం కొలతలు రహస్యం కాదు. టేపు పట్టుకుని కొలిచే పని నెలల ముందు కాగితం మీదే తేలిపోవాలి. టిక్కెట్లు అమ్మి, బోర్డుకు రంగు వేశాక ఆట ఆపమని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? అప్పుడు మిగిలేవి ఇలాంటి సగం సగం ఉపాయాలే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఆడినవాళ్ళు ఎవరు? విద్యార్థులు. 2010 నాటికి అక్కడి కాలేజీ ఆటగాళ్ళకు ఆటకని జీతం ఇవ్వకూడదు. వాళ్ళకు దక్కేది స్కాలర్‌షిప్పు - ఫీజు, హాస్టల్, భోజనం. ఆ మాటలు మనకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. స్కాలర్‌షిప్పు మీద బతికేవాడు గోడ దగ్గరగా ఉంది సార్, నేను ఆడను అని అనగలడా? మేమైతే అనగలిగేవాళ్ళం కాదు. అందుకే కొలవవలసిన బాధ్యత పైవాళ్ళదే.

గోడ ఒక్కటే ఇబ్బంది కాదు, మిగతావి కొన్ని చెబుతాం. మొదటిది నేల. దిబ్బ తవ్వి తీసేయాలి, ఎర్రమట్టి మీద గడ్డి పలకలు పరచాలి. బేస్‌బాల్ సీజను శరదృతువులో ముగుస్తుంది కాబట్టి ఈ ఆటలు సాధారణంగా నవంబరు, డిసెంబరుల్లో పెడతారు. అప్పటికి అక్కడ చలి. చలిలో గడ్డి వేళ్ళు దిగవు, బూటు మేకులకు పలక పలకగా లేచి వస్తుంది. రెండు ఆటలూ ఒకే సమయంలో నడిచేచోట ఇంకా కష్టం. మయామీ యూనివర్సిటీ జట్టు 2008 నుంచి ఆడుతున్న స్టేడియాన్ని 2011 దాకా బేస్‌బాల్ జట్టు కూడా వాడుకుంది. అక్కడ సీజను మొదట్లో ఎర్రమట్టి మీదే ఫుట్‌బాల్ ఆడేవారు. గడ్డి మీద పడితే ఒకలా ఉంటుంది, గట్టి మట్టి మీద పడితే ఎలా ఉంటుందో మన గ్రౌండులో కబడ్డీ ఆడిన మోకాళ్ళను అడగండి.

రెండోది కుర్చీలు. బేస్‌బాల్ స్టేడియంలో అన్ని కుర్చీలూ హోమ్ ప్లేట్ వైపు తిరిగి ఉంటాయి, ఖరీదైనవన్నీ దాని చుట్టూనే. ఫుట్‌బాల్‌కు మంచి చోటు మైదానం నడిమధ్య గీతకు ఎదురుగా. కాబట్టి ఎక్కువ డబ్బిచ్చి కొన్న కుర్చీ ఒక్కోసారి మూలకు పోతుంది.

గదుల సంగతి కూడా అంతే. 2010లో బేస్‌బాల్ జట్టులో 25 మందే. అప్పట్లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో స్కాలర్‌షిప్పువాళ్ళే 85 మంది దాకా ఉండేవారు, మిగతావాళ్ళతో కలిపి వంద దాటేవారు. ఒక్కొక్కడికీ హెల్మెట్, భుజాల కవచం. నలుగురి గదిలో పన్నెండుమంది ట్రంకుపెట్టెలు సర్దుకున్న మనకు ఆ అవస్థ ఊహించడం తేలికే. శాన్‌ఫ్రాన్సిస్కో బేస్‌బాల్ స్టేడియంలో 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ తన సొంత స్టేడియం బాగు చేయిస్తూ ఆ సీజన్లో చాలా ఆటలు ఆడింది. అక్కడ రెండు జట్లూ మైదానానికి ఒకే పక్కన నిలబడాల్సి వచ్చేది.

ఇలాంటి గొడవ మన దేశంలోనూ వచ్చింది, కాకపోతే తలకిందులుగా. కొచ్చిలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2017 అండర్-17 ప్రపంచకప్ కోసం మంచి ఫుట్‌బాల్ పచ్చిక వేశారు. 2018లో అక్కడ భారత్, వెస్టిండీస్ క్రికెట్ వన్డే పెడదామన్నారు. అంటే పచ్చిక మధ్యలో తవ్వి పిచ్ వేయాలి. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, అభిమానులు ఒప్పుకోలేదు. మన సికింద్రాబాదులో పుట్టిన సునీల్ ఛెత్రీ గొంతు విప్పాడు, క్రికెటర్ సచిన్ టెండూల్కర్ కూడా వాళ్ళ పక్షానే మాట్లాడాడు. చివరకు ఆ వన్డే తిరువనంతపురంలో 2018 నవంబరు 1న జరిగింది. ఇక్కడ మెచ్చుకోవలసింది, తవ్వకముందే మాట్లాడటం.

రిగ్లీ ఫీల్డ్ కథ మాత్రం 2010తో ఆగిపోలేదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో స్టేడియాన్ని పెద్దఎత్తున బాగుచేశారు. ఫుట్‌బాల్ కావలసినప్పుడు పక్కనున్న కొన్ని కుర్చీలు విప్పి తీసేసే ఏర్పాటు పెట్టారు. అలా దొరికిన చోటుతో మైదానాన్ని గోడ నుంచి ఇవతలికి జరపగలిగారు. 2021 నవంబరు 20న, సరిగ్గా పదకొండేళ్ళ తర్వాత అదే తేదీన, నార్త్‌వెస్టర్న్ అక్కడ పర్డ్యూ యూనివర్సిటీతో ఆడి 32-14తో ఓడింది. 2024లో నార్త్‌వెస్టర్న్ తన పాత స్టేడియం కూల్చి కొత్తది కడుతుండగా ఒహాయో స్టేట్‌తో, ఇల్లినాయ్‌తో ఆటలు కూడా రిగ్లీలోనే పెట్టుకుంది. ఆ ఆటల్లో జట్లు రెండు దిక్కులకూ ఆడాయి.