ఒకే గుండిగలోని అన్నం

విదేశానికి ప్రయాణమైన విద్యార్థి పెట్టెలో ఏమేమి సర్దుకుంటాడు? పట్టాలు, ఉన్ని దుస్తులు, ఊరగాయ జాడీ. వానితోపాటు వెంట తీసుకొనిపోవలసిన మరియొకటి ఉన్నది. అది పదిమందితో కలిసి భుజించే సంస్కారం.

సంగారెడ్డి సమీపాన కందిలో వెలసిన హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రాంగణ నిర్మాణానికి జపాను చేయూతనిచ్చింది. ఆ మైత్రివల్లనూ, ఇతర మార్గాలలోనూ మన యువతీయువకులు శిక్షణకై, నేటి వాడుకలో ఇంటర్న్‌షిప్పుకై, ఆ దేశానికి వెళుతున్నారు. ప్రయోగశాలలో ఎదురయ్యే పరీక్షకు వారు సిద్ధపడే వెళతారు. కాని మొదటిరోజు మధ్యాహ్నం ఉద్యోగుల భోజనశాలలో ఎదురయ్యే పరీక్షకు ఏ పాఠ్యపుస్తకమూ వారిని సిద్ధం చేయదు.

అక్కడ ముద్ద నోట పెట్టుకొనే ముందు చేతులు జోడించి 'ఇతదకిమస్' అంటారు. శిరసున దాల్చి స్వీకరిస్తున్నానన్నది ఆ మాటకు మూలార్థం. మన 'శిరసావహించుట' వంటిదే. భోజనానంతరం 'గోచిసోసమ' అంటారు. 'చిసో' అనగా పరుగులు పెట్టుట. అతిథికోసం సంభారాలు సమకూర్చడానికి పరుగులు తీసినవారికి అది కృతజ్ఞత. 'అన్నదాతా సుఖీభవ' అని దీవించి విస్తరి ముందునుండి లేచిన తాతల సంతతికి ఈ మాటలు పరాయివిగా తోచవు.

మర్యాదలు మాత్రం కొన్ని తారుమారు. కంచం చేత పట్టుకొని తింటే మన పెద్దలు మందలిస్తారు. అన్నపు గిన్నెను చేతిలోకి ఎత్తుకొనక, దానిపైకి వంగి తింటే వారి పెద్దలు తప్పు పడతారు. 'హాషి' అనే పుల్లలతో తినేటప్పుడు వానిని అన్నంలో నిలువుగా గుచ్చరాదు. మృతులకు సమర్పించే అన్నంలోనే అట్లా గుచ్చుతారు. ఒకరు పుల్లలతో అందించినదాన్ని మరొకరు పుల్లలతోనే అందుకోరాదు. దహనానంతరం అస్థికలను బంధువులు అట్లా అందుకుంటారు. పిండప్రదానం, అస్థిసంచయనం ఎరిగిన మనకు ఈ నిషేధాల వెనుకనున్న వేదనను వేరే వివరించనక్కరలేదు.

ఇవన్నీ అభ్యాసంతో అలవడేవి. అసలు చిక్కు శాకాహారికి వస్తుంది. సోయా గింజల ముద్దతో చేసే మిసో పులుసులో పైకి కనిపించేవి టోఫు ముక్కలూ, సముద్రపు నాచూ. కాని దానికి ఆధారమైన 'దాషి' అనే రసాన్ని తరచుగా కత్సువో అనే చేపతో తీస్తారు. ఆ చేపను ఉడికించి, పొగబెట్టి, కొయ్యవలె గట్టిపడేదాకా ఎండించి, పలుచని పొరలుగా చెక్కి, వేడినీటిలో వేస్తారు. కంటికి కానరాని చేప నాలుకకు చేరుతుంది.

అప్పుడా విద్యార్థి ఏమి చేయాలి? గదిలో తలుపు వేసుకొని ఒంటరిగా తినడం ఒక దారి. నోరు మెదపక అందరితో తిని, లోలోపల కుమిలిపోవడం మరొక దారి. మొదటిదానివల్ల తోడివారు దూరమవుతారు. రెండవదానివల్ల తనకు తానే దూరమవుతాడు. ఆత్మీయులైన సహచరులను గురించి జపానువారు 'ఒకే గుండిగలోని అన్నం తిన్నవారు' అనే అర్థం వచ్చే జాతీయం వాడుతారు. కొత్తవానికి 'కాంగేకై' అనే స్వాగతవిందు చేయడం అక్కడ పరిపాటి. అందులో ఎవరి పాత్ర వారు నింపుకొనరు. పక్కవాని పాత్ర నింపుతారు. మద్యం ముట్టనివాడు ఊలాంగ్ తేనీటితోనే అందరితోపాటు 'కంపై' అనవచ్చు. ఇరువది ఏండ్లు నిండనివారికి మద్యం అక్కడి చట్టమే నిషేధించింది. పాత్రలో ఏమున్నదన్నదానికంటె, పంక్తిలో ఉన్నాడా లేడా అన్నదే లెక్క.

నియమం పాటించేవాడు అక్కడ వింతమనిషి కానక్కరలేదు. 675లో తెన్ము చక్రవర్తి ఏటా కొన్ని నెలలపాటు ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను నిషేధించాడు. బౌద్ధమఠాలలో చేప సైతం లేని 'షోజిన్' వంటకం శతాబ్దాలుగా వర్ధిల్లుతున్నది. కొంబు అనే నాచుతోనే తీసే దాషి కూడా ఉన్నది. 1908లో కికునాయె ఇకెదా అనే శాస్త్రజ్ఞుడు ఆ నాచు రసంలోని ప్రత్యేకమైన రుచికి కారణం కనుగొని, దానికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. కనుక 'శాకాహారిని' అని ఊరకుంటే చాలదు. 'చేపతో తీసిన రసం కూడా తినను' అని విందుకు కొన్నిదినాల ముందే వినయంగా, విస్పష్టంగా చెప్పాలి. విస్తరి ముందు కూర్చున్నాక చెబితే వండినవారిని నొప్పించినట్లవుతుంది.

స్వీకరించడమే కాదు, ఇవ్వడం కూడా అతిథి ధర్మమే. విప్లవవీరుడు రాస్ బిహారీ బోస్ 1915లో జపాను చేరాడు. ఆయనను దేశంనుండి వెళ్ళగొట్టవలసిందని ఆజ్ఞ వెలువడినప్పుడు, తోక్యోలోని నాకమురాయా అనే రొట్టెల దుకాణం యజమానులైన సోమా దంపతులు తమ ప్రాంగణంలో దాచి కాపాడారు. వారి కుమార్తె తోషికోను ఆయన 1918లో వివాహమాడాడు; ఆమె 1925లో కన్నుమూసింది. ఇంగ్లండు మీదుగా జపాను చేరిన పిండి కలిపిన కూరనే అక్కడివారు అప్పటికి ఎరుగుదురు. 1927లో నాకమురాయా భోజనశాల తెరచినప్పుడు, బోస్ నేర్పిన భారతీయమైన కూర అక్కడి వంటకాలలో చేరింది. తలదాచుకొన్న ఇంటికి ఆ నిర్వాసితుడు తన దేశపు రుచిని కానుకగా ఇచ్చాడు.

ఉపాధ్యాయులారా, విదేశాలకు వెళ్ళే మీ శిష్యులకు ఇంగ్లీషుతోపాటు ఈ పాఠం కూడా చెప్పండి. విద్యార్థులారా, బయలుదేరేముందు మీ అమ్మగారి దగ్గర పులిహోర కలపడం నేర్చుకొని వెళ్ళండి. జపాను బియ్యం జిగురుగా ఉంటుంది. అక్కడ పులిహోర పొడిపొడిగా రాదు. రాకపోయినా తోడివారికి తలా ఒక పిడికెడు పెట్టండి. వారు చేతులు జోడించి 'ఇతదకిమస్' అన్నప్పుడు, ఆ గుండిగలోని అన్నంలో మీకూ పాలు దక్కినట్లే.