కలిసి కనిపిస్తే చుట్టరికమేనా?

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల నుంచి మేనేజ్‌మెంట్ పరిశోధక విద్యార్థి ఒకరు రాశారు: "మహమ్మారి కాలంలో నాయకత్వం, నిర్వహణల మీద వచ్చిన వ్యాసాలన్నీ కంప్యూటర్‌కిస్తే రంగుల చుక్కలతో ఒక పటం గీసిచ్చింది. ఏ చుక్క ఎక్కడుండాలో దానికెలా తెలుసండీ?" ఈ ప్రశ్న చదివాక వేరే అంశం మీదకు మనసు పోలేదు.

పరికరం గురించి రెండు ముక్కలు. ఈ పనికి ఎక్కువమంది వాడేది వాస్‌వ్యూయర్. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో వాన్ ఎక్, వాల్ట్‌మన్ తయారుచేశారు. వ్యాసాల్లోని కీవర్డులను అది ఏరుతుంది. రెండు పదాలు ఒకే వ్యాసంలో వస్తే వాటి మధ్య గీత గీస్తుంది.

అందమంతా ఆ తర్వాతి లెక్కలో ఉంది. వంద వ్యాసాలున్నాయనుకుందాం. 'కోవిడ్' వందలోనూ ఉంది, 'నాయకత్వం' 40లో, 'నర్సులు' 10లో. నాయకత్వం కోవిడ్‌తో 40 సార్లు కలిసింది, నర్సులతో 8 సార్లే. మరి నాయకత్వానికి ఏది దగ్గర? విజయనగరం సిరిమానోత్సవపు జనసందోహంలో ఇద్దరు పక్కపక్కన నిలబడితే మనం ఏమీ అనుకోం. ఊరి చివరి టీకొట్టు దగ్గర వాళ్లే మళ్లీమళ్లీ కలిసి కనిపిస్తే ఏదో సంబంధం ఉందనుకుంటాం. లెక్క కూడా అదే చూస్తుంది. నాయకత్వం, నర్సులు యాదృచ్ఛికంగా కలిస్తే ఎన్నిసార్లు కలవాలి? 40ని 10తో హెచ్చించి 100తో భాగిస్తే 4. కలిసినవి 8, అంటే రెట్టింపు. కోవిడ్‌తో యాదృచ్ఛికంగా కలవాల్సినవి 40, కలిసినవీ 40. కొత్తగా తెలిసిందేమీ లేదు. అందుకే ఎనిమిది నలభైని గెలుస్తుంది, పటంలో నర్సుల చుక్క నాయకత్వానికి దగ్గరగా పడుతుంది!

ఇక్కడ తడబడ్డవాళ్లు మామూలువాళ్లు కారు. ఏ ఇద్దరు రచయితలను కలిపి ఉటంకిస్తున్నారో కొలవడానికి 1980ల నుంచీ పరిశోధకులు పియర్సన్ సహసంబంధ గుణకాన్ని (రెండు అంకెల వరుసలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే కొలతను) నమ్ముకున్నారు. ఆ ఇద్దరితోనూ ఏ పొత్తూ లేని కొత్త పేర్లు, అంటే వట్టి సున్నాలు, పట్టికలో చేర్చినా ఆ గుణకం మారిపోతుందని 2003లో ఆల్‌గ్రెన్, యార్నెవింగ్, రూసో చూపించారు. వాదోపవాదాలు జోరుగా సాగాయి. పైన చూసిన లెక్కే ఎందుకు సరైనదో వాన్ ఎక్, వాల్ట్‌మన్ 2009లో గణితంతో వాదించారు. నా ఓటు వాళ్లకే.

ఈ పటాల ఉపయోగం మాటకొస్తే నాకో కోపం ఉంది. 2020 ఏప్రిల్ చివరి వారం దాకా శ్రీకాకుళంలో, మే మొదటి వారం దాకా విజయనగరంలో ఒక్క కోవిడ్ కేసూ బయటపడలేదు. యాభై ఇళ్లకొక వాలంటీరు చొప్పున గడప గడపకూ తిరిగి, ఊళ్లోకి కొత్తగా ఎవరొచ్చారో రాసుకున్నారు. గుజరాత్‌లోని వెరావల్‌లో చిక్కుకుపోయిన మన మత్స్యకారులను బస్సుల్లో రప్పించి క్వారంటైన్‌లో ఉంచారు. ఇదంతా నిర్వహణ కాక మరేమిటి? కానీ ఇలాంటి పటాలకు వ్యాసాల వివరాలు అందించే స్కోపస్ అనే సూచీలో చేరాలంటే పత్రికకు ఆంగ్లంలో సారాంశమైనా ఉండాలి. మండలాఫీసు రిజిస్టరుకు అది ఎక్కడిది? పైగా, మనం మార్చకపోతే, అయిదు సార్లయినా రాని కీవర్డును వాస్‌వ్యూయర్ పక్కన పెట్టేస్తుంది.

కాబట్టి ఎచ్చెర్ల మిత్రమా, 'కోవిడ్' అన్న పదాన్ని ముందే తీసేయండి. ఆ అయిదును రెండుకు దించి పటం మళ్లీ గీయండి. 'వాలంటీరు', 'వలస మత్స్యకారులు' ఎక్కడైనా తేలితే, వాటి పక్కన ఏ పదాలున్నాయో నాకు తప్పక రాయండి.