ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ సంతకం

జనగామ జిల్లా చిల్పూర్ గుట్ట మీది వెంకటేశ్వరస్వామిని బుగులు వెంకన్న అంటారు. పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చే దారి తోచక, బుగులు పడి ఇక్కడి గుహలో తపస్సు చేసుకున్నాడని స్థలపురాణం. బుగులంటే మావైపు దిగులూ, భయమూ కలిసిన మాట. ఏప్రిల్ వచ్చిందంటే ఇది తల్లులకు పట్టుకుంటుంది. పరీక్షలైపోతాయి, 23న బడి ఆఖరి రోజు, ప్రోగ్రెస్ కార్డులిస్తారు. అందులో ఏముందో, పక్కింటి పిల్లకెంత వచ్చిందో!

మా ఆడపడుచు వాళ్లది చిల్పూర్ మండలమే. 2025 ఏప్రిల్‌లో వాళ్లింటికి వెళ్లినప్పుడు, ‘మా బడిల ఇయ్యాల పండుగున్నది, రా వదినా’ అని లాక్కుపోయింది. చిన్న ప్రైమరీ స్కూలు. నాకు ముందుగా నచ్చింది వాళ్లు పెట్టుకున్న వేళ. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు కదా, ఉదయం ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా. సరిగ్గా అప్పుడే తల్లులంతా ఉపాధి పనిలోనో, వరికోతల దగ్గరో ఉంటారు. ఆ వేళకు మీటింగు పెట్టి, ‘తల్లిదండ్రులకు శ్రద్ధ లేదండీ’ అనడం చాలాచోట్ల విన్నాను. ఇక్కడ సాయంత్రం అయిదింటికి పెట్టారు. వరండా నిండిపోయింది.

పాటలూ డాన్సులూ మామూలే. ఆ తర్వాత టీచరు ర్యాంకులు చదవలేదు. ఒక్కొక్క పిల్లనూ పిలిచి, వాళ్లమ్మ పక్కన నిలబెట్టి, పుస్తకంలో ఒక పేజీ చదివించింది. రాష్ట్రంలో 2022 ఆగస్టులో ‘తొలిమెట్టు’ మొదలైనప్పటి నుంచి ప్రైమరీ పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో విడిగా చూస్తున్నారు. ఆ లెక్క రిజిస్టర్లలో ఉంటే తల్లికేం తెలుస్తుంది? చెవులతో వింటే తెలుస్తుంది.

మూడో తరగతి పాప ఒకతె తడుముకుంటూ, వేలు పెట్టుకుంటూ ఒక పేరా పూర్తి చేసింది. జూన్‌లో ఆ పిల్లకు ఒత్తులు వచ్చేవి కావట. కార్డులో ‘బి’ గ్రేడు. తల్లి కార్డు చూసి, ‘బీ అంటే తక్కువ గాదా టీచరమ్మా?’ అంది. ‘మరి సదివింది ఇన్నవ్ గద అక్కా!’ అంది టీచరు. ఆమె కళ్లు తుడుచుకుంది. ప్రైమరీలో ఏ ప్లస్ నుంచి సీ దాకా అయిదు గ్రేడులు. వాటిలో ఏ గడిలోనూ ఆ ఒత్తుల సంగతి ఉండదు.

కార్డులో మనం చూడకుండా వదిలేసే వరుస ఇంకొకటుంది... హాజరు. నన్నడిగితే ముందు అదే చూడాలంటాను. నవంబరు, డిసెంబరు గళ్లలో అంకె తగ్గిందంటే పత్తి ఏరే రోజులన్నమాట. అమ్మ చేనుకు పోతే, ఎనిమిదేళ్ల అక్క తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతుంది. తమ్ముడి కోసం అక్క బడి మానుతుంది గానీ, అక్క కోసం తమ్ముడు మానడం నేనైతే చూడలేదు! మా ఆడపడుచు కూతురి కార్డులోనూ డిసెంబరులో పదకొండు రోజులు లేవు. ‘ఏం జేయాలె వదినా, చిన్నోన్ని ఎవలు వట్టుకుంటరు?’ అంది. ఆ రోజుల్లో పసిపిల్లల్ని అంగన్‌వాడీలో దింపడమో, అత్తగారికి అప్పజెప్పడమో ముందే కుదుర్చుకోవాలి. కష్టమే, కాదనను.

సంతకం దగ్గరికొస్తే చాలామంది ‘మా ఆయన వెడతడు’ అని వెనక్కి జరుగుతారు. 1991 జనాభా లెక్కల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి 33 మంది కూడా లేరు. 2011 నాటికి తెలంగాణ జిల్లాల్లో అది సుమారు 58. ఈ తల్లుల్లో చాలామందికి సంతకం వచ్చు, సిగ్గు అడ్డం వస్తుందంతే. అక్కడ ఒక నాయనమ్మ వేలిముద్ర వేసి, ‘మనుమరాలిని పేరు నేర్పమన్న, ఎండకాలం సెలవులల్ల’ అని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా సమాఖ్య అధ్యక్షురాళ్లే పెద్దలు. బడిలో నీళ్లు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతులు వాళ్లు చూడాలి. పిల్లల యూనిఫాం కుట్టిందీ సంఘం ఆడవాళ్లే. ఆ రోజు వాళ్లనూ, అన్నం వండే అమ్మలనూ ముందు వరుసలో కూర్చోబెట్టారు. శాలువాలేం లేవు, తలా ఒక మామిడిపండు.

అసలు ముడి అయిదో తరగతి దగ్గరుంది. ఇక్కడితో ఈ బడి అయిపోతుంది. ఆరో తరగతి అంటే హైస్కూలు, మరో ఊరు, దారి. సెలవులయ్యాక జూన్ 12న ఎవరొస్తారో, ఎవరు చేనుకు పోతారో ఇప్పుడే తేలాలి. దూరమైతే ఆడపిల్లలు ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాలున్నాయని టీచరు చెప్పింది. అయిదు పూర్తిచేసిన ఆడపిల్లలు ఆరుగురు. చీకటి పడేలోగా అయిదుగురు తల్లులు హైస్కూలుకు పేర్లిచ్చారు. ఆరో ఆమె, ‘ఇంట్ల అడిగి చెప్త’ అంది. టీచరు ఆమె ఫోన్ నంబరు రాసుకుని, ‘బడిబాట నాడు నేనే మీ ఇంటికొస్త అక్కా, చాయ్ పెట్టు’ అంది.